మల్లి కంచం

2024లో మా బ్రాంచికి ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆఫీసరుగారు ఒక మధ్యాహ్నం నా బల్ల మీదున్న కాగితం ముక్కను చేతిలోకి తీసుకుని కళ్లజోడు సవరించుకున్నారు. దాని మీద నా దస్తూరీతో “కోడి 350, బియ్యం 100, గుమ్మడి 100, గుడ్డు 1, పెంకు 3.5” అని ఉంది. అడుగున “1,050 కెలోరీలు” అని వేసి రెండు గీతలు గీశాను. ముప్పై ఏళ్ల అలవాటు అలాంటిది మరి.

“మీరు శాకాహారులనుకున్నానే!” అన్నారాయన.

“అవునండీ. ఇది మా మల్లి భోజనం.”

“మల్లి ఎవరండీ?”

“మా కుక్క.”

ఆయన పగలబడి నవ్వారు. “మిగిలిన అన్నం పడేస్తే తినే జంతువుకు ఈ లెక్కలన్నీ ఎందుకండీ!” అన్నారు. నాకు కోపం రాలేదు. అంతకు రెండేళ్ల ముందైతే నేనూ అదే మాట అని, ఆయనకంటే గట్టిగా నవ్వి ఉండేవాణ్ణి. ఆ రెండేళ్లలో ఏం జరిగిందో మన పత్రిక పాఠకులతో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కుక్కలు లేని ఇళ్లవారు కూడా చివరిదాకా చదవమని మనవి.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు నుంచి అటు మారింది. మేము మాత్రం ఉన్న వీధిలోనే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బ్యాంకులో ఇంగ్లీషు. మా నాయనమ్మ రోజూ వంట కాగానే ఒక ముద్ద గోడ మీద కాకికి పెట్టేది. అందరి భోజనాలూ అయ్యాక గిన్నెల్లో మిగిలిన అన్నం, పప్పు, మజ్జిగ కలిపి వీధరుగు పక్కనున్న రాతి తొట్టిలో వేసి “నల్లోడా!” అని కేకేసేది. ఎక్కడినుంచో ఒక నల్ల కుక్క పరుగెత్తుకు వచ్చేది. ఆ నల్లోడు పదమూడేళ్లు బతికాడు. ఒక్కరోజు జబ్బుపడగా నేను చూడలేదు. కుక్కను సాకడమంటే ఇంతేనన్న అభిప్రాయం నాకు అప్పుడే స్థిరపడిపోయింది.

మా అబ్బాయికి బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. కరోనా రోజుల్లో ఇంటినుంచే పని అంటూ వచ్చి కూర్చున్నవాడు 2022 జనవరిలో ఒక సాయంత్రం తువ్వాల్లో చుట్టి రెండు నెలల లాబ్రడార్ పిల్లను పట్టుకొచ్చాడు. తెల్లగా ఉందని మా అమ్మే దానికి మల్లి అని పేరు పెట్టింది. మార్చి నెలాఖరుకు ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. వాడు వెళ్లిపోయాడు, మల్లి మిగిలింది. ఈ రోజుల్లో చాలా ఇళ్లలో ఇదే వరస. పిల్లలు తెస్తారు, పెద్దలు పెంచుతారు.

వాడు ఉన్నన్నాళ్లు దానికి ప్యాకెట్టులో వచ్చే గుళికలు పెట్టేవాడు. ఆ ప్యాకెట్టు అయిపోయాక కొత్తది కొనబోయి ధర చూసి వెనక్కి తిరిగి వచ్చాను. పిసినారితనం అనుకున్నా ఒప్పుకుంటాను. కానీ అంతకంటే ఎక్కువ గర్వం. శుభ్రమైన ఇంటి వంట ఉండగా డబ్బా తిండి ఎందుకు? మనం తినేదే అదీ తింటుంది, ఆరోగ్యంగా ఉంటుంది అనుకున్నాను. మొదట పాలు, అన్నం. తర్వాత పెరుగన్నం. మా బ్యాంకు అటెండరు విని “సార్, అది మాంసం తినే జీవి. దాని కడుపు కొట్టకండి” అన్నాడు. మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి రాదు. అయినా పెంచడానికి ఒప్పుకున్నాక దాని ధర్మం దానిది. అమ్మను ఒప్పించడానికి వారం పట్టింది. వంటింట్లోకి రాకూడదు, మా గిన్నెలు ముట్టకూడదు, తులసికోట ఉన్న వైపు వండకూడదు అని మూడు షరతులు పెట్టింది. పెరట్లో బాత్రూము పక్కనున్న రేకుల వసారాలో ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక కుక్కరు కొని పెట్టుకున్నాను. యాభై నాలుగేళ్లు వచ్చేదాకా కాఫీ కూడా కలుపుకోని వాణ్ణి, కుక్క కోసం వంటవాణ్ణయ్యాను.

ఏప్రిల్ నుంచి దాని భోజనం ఇలా ఉండేది. ఎముక గొంతులో గుచ్చుకుంటుందేమోనని ఎముక లేని కోడిమాంసం. రక్తం పడుతుందని ఆదివారాలు లివరు. మెత్తగా ఉడికిన అన్నం. రాత్రి పడుకునే ముందు పావు లీటరు పాలు. మల్లి గిన్నె నాకి నాకి అద్దంలా చేసేది. బొచ్చు నిగనిగలాడేది. దాన్ని ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడి, నా బరువు తీసివేసి, వారం వారం డైరీలో రాసుకునేవాణ్ణి. అంకె పెరుగుతూనే ఉంది. అంకె పెరుగుతూ ఉంటే బ్యాంకువాడికి అనుమానం రాదు.

మే నెల మధ్యలో అది నేను ఆఫీసు నుంచి రాగానే ఎగిరి మీద పడడం మానేసింది. తోక ఊపేది, కూర్చునే ఉండేది. ఎండ దెబ్బ అనుకున్నాను. ముందుకాళ్ల పాదాలు చదునుగా నేలకు ఆనుకుపోయి, వేళ్లు విచ్చుకుని, పక్కలకు తిరిగి ఉండడం మా ఆవిడ ముందు చూసింది. “ఏవండీ, దీని కాళ్లు దొడ్డిబల్ల కాళ్లలా వంగుతున్నాయి, చూశారా?” అంది. జాతి లక్షణమేమోలే అన్నాను. జూన్ మొదటి వారంలో ఒక ఉదయం వీధరుగు మీదనుంచి కిందికి దూకింది. అరుగు ఎత్తు రెండడుగులు కూడా ఉండదు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వెనక ఎడమ కాలు కింద పెట్టలేకపోయింది. ఎత్తబోతే నా చేతిని కరవబోయి, కరవకుండా నాకి ఊరుకుంది.

మా ఊరి పశువైద్యుడు ఎక్సరే తీసి, కట్టు కట్టి, భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాలకు తీసుకువెళ్లమన్నారు. అద్దె కారు మాట్లాడుకుని వెనక సీటులో మల్లి తలను ఒళ్లో పెట్టుకుని నూటడెబ్బై కిలోమీటర్లు వెళ్లాను. అక్కడ చూసిన డాక్టరమ్మకు మా అబ్బాయి కంటే రెండు మూడేళ్లు పెద్ద వయసుంటుంది. ఎక్సరే చూడకముందే “ఏం పెడుతున్నారు?” అని అడిగింది. నేను చెప్పాను. నిజం చెప్పాలంటే, గొప్పగానే చెప్పాను. ఎముక లేని మాంసం, లివరు, అన్నం, పాలు, అన్నీ ఇంట్లో నా చేత్తో వండినవి అని.

ఆమె ఫిల్ము వెలుగుకు పెట్టి చూపించింది. ఎముక తెల్లగా, చుట్టూ మాంసం బూడిదరంగులో కనిపించాలట. మల్లి ఫిల్ములో రెండూ ఇంచుమించు ఒకే రంగు. వెనక కాలి ఎముక పచ్చి కొమ్మ వంచితే విరిగినట్టు సగం విరిగి, సగం వంగి ఉంది.

“ఇదేం జబ్బు డాక్టర్?” అన్నాను.

“జబ్బు కాదు సార్. భోజనం” అంది.

తర్వాత ఆమె చెప్పినదాన్ని తిరిగి వచ్చే దారిలో నా భాషలోకి మార్చుకున్నాను. ఒంట్లో ఉన్న కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. అది ఫిక్స్‌డ్ డిపాజిట్టు. నెత్తుట్లో తిరిగేది చిల్లర. అది కౌంటరు మీది నగదు. కౌంటరు మీద నగదు ఒక్క నిమిషం తక్కువైనా ఒప్పుకోరు. గుండె కొట్టుకోవడానికీ, కండరం కదలడానికీ అదే కావాలి. తిండిలో కాల్షియం రాకపోతే మెడలో ఉన్న పారాథైరాయిడ్ గ్రంథులు మేనేజర్ల వంటివి, డిపాజిట్టు విరగ్గొట్టి నగదు సర్దుతాయి. అందుకే రక్తపరీక్షలో అంతా బాగున్నట్టే కనిపించవచ్చు. కౌంటరు నిండుగానే ఉంటుంది, లోపల ఖజానా ఖాళీ అవుతుంటుంది.

ఇక మాంసం సంగతి. 100 గ్రాముల కోడిమాంసంలో భాస్వరం సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటే కాల్షియం పది పన్నెండు మిల్లీగ్రాములు మాత్రమే ఉంటుంది. లివరులో తేడా ఇంకా ఎక్కువ. అన్నంలో రెండూ కొద్దే, అందులోనూ కాల్షియం మరీ కొద్ది. కుక్క భోజనంలో భాస్వరం ఒక వంతైతే కాల్షియం ఒక వంతుకు తగ్గకూడదు, రెండు వంతులు దాటకూడదు. భాస్వరం ఇలా ఒంటరిగా వచ్చి పడితే ఆ గ్రంథులు మరింత రెచ్చిపోతాయి. ఎదిగే వయసులో, అంత బరువున్న పిల్లకు రోజుకు మూడు గ్రాముల కాల్షియం కావాలి. నేను పోస్తున్న పావు లీటరు పాలలో ఉన్నది 300 మిల్లీగ్రాములు. అంటే నూరు రూపాయలు కట్టవలసిన చోట రోజూ పది రూపాయలు కడుతూ వచ్చాను. మిగిలిన తొంభై మల్లి తన ఎముకల్లోంచి తీసి కట్టింది.

ఎండలో కూర్చోబెడితే సరిపోతుందని దారిలో ఒకరిద్దరు చెప్పారు. అదీ అడిగాను. మనుషుల చర్మం ఎండలో విటమిన్ డి తయారుచేసుకున్నట్టు కుక్కల చర్మం చాలినంత తయారుచేసుకోలేదట. దానికీ తిండే దిక్కు.

ఆరు వారాలు చిన్న చోట కట్టడి. పరుగు, దూకుడు, మెట్లు లేవు. నొప్పికి కొద్దిరోజులు మందు. భోజనం మాత్రం పెద్దజాతి పిల్లల కోసం తయారుచేసిన ప్యాకెట్టు ఆహారం, అదీ తూచి. “మీరు బాధలో ఉన్నారు కనుక చెబుతున్నాను. ప్రాయశ్చిత్తంగా కాల్షియం సీసాలు తెచ్చి పైన పోయకండి. పెద్దజాతి పిల్లలకు ఎక్కువైనా ఎముకలు చెడతాయి” అంది డాక్టరమ్మ. నేను నిజంగా అదే ఆలోచనలో ఉన్నాను.

మా అబ్బాయికి ఫోనులో చెప్పినప్పుడు వాడు నన్నేమీ అనలేదు. “సరే నాన్నా” అని ఊరుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ ఆరు వారాలూ నేను వసారాలో దాని పక్కనే మంచం వేసుకుని పడుకున్నాను. ఆరు వారాల తర్వాత తీసిన ఎక్సరేలో ఎముకలు మళ్లీ తెల్లబడ్డాయి. విరిగినది అతుక్కుంది. ముందు ఎడమ కాలు మాత్రం కొంచెం బయటికి తిరిగి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు పరుగెత్తుతుంది, గోపాలపురం ఇసుకలో అలలను తరుముతుంది. కానీ నడకలో చిన్న ఊపు ఉంటుంది. చూసినవాళ్లు ముచ్చటగా ఉందంటారు. నాకు అది చెల్లని చెక్కు మీద నా సంతకంలా కనిపిస్తుంది.

చివరి పరీక్షకు వెళ్లినప్పుడు “ఇక ఇంటి వంట పెట్టవచ్చా?” అని అడిగాను.

“ఎందుకు? ఈ ఆహారంతో బాగానే ఉందిగా?”

“నా చేతి వంటతో చెడింది. నా చేతి వంటతోనే బాగుపడాలని...”

“అది మీ కోసం సార్, మల్లి కోసం కాదు” అందామె. మెత్తగానే అంది. నాకు మాట రాలేదు. తర్వాత తనే నవ్వి, “ఎదుగుదల ఆగనివ్వండి. పదిహేను నెలలు దాటాక రండి. అప్పటికీ మీకు ఓపిక ఉంటే లెక్క రాసిస్తాను” అంది.

ఆ గడువులో నేను చదవడం మొదలుపెట్టాను. బి.కాం. చదివినవాడికి జీవరసాయనం కొరుకుడు పడదు గాని, పట్టికలు పడతాయి. 1860ల్లో ఇంగ్లండులో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ కుక్క బిస్కట్ల వ్యాపారం మొదలుపెట్టాడు. అంతకు ముందు లోకంలోని కుక్కలన్నీ మనుషుల దగ్గర దొరికిందే తిని బతికాయి. కుక్కకు అన్నం పనికిరాదనే మాటా పూర్తిగా నిజం కాదు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తోడేలుకూ కుక్కకూ జన్యువులు పోల్చి చూసి, పిండిపదార్థం అరిగించే జన్యువు ప్రతులు తోడేలులో రెండే ఉంటే కుక్కల్లో నాలుగు నుంచి ముప్పైదాకా ఉన్నాయని తేల్చారు. మన పక్కన వేల ఏళ్లు ఉండి, మన మెతుకులు తిని, కడుపునే మార్చుకుంది పాపం. అయితే అదే 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వారు పుస్తకాల్లోనూ ఇతరచోట్లా దొరికే 200 కుక్క వంటకాలను లెక్కగట్టి చూస్తే, 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకమైనా తక్కువగా ఉంది. వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి. అది చదివాక నా తప్పు చిన్నదైపోలేదు గాని, నేను ఒంటరివాణ్ణి కానని తెలిసింది.

మరి నల్లోడి సంగతేమిటి? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. చివరికి తట్టింది. మా నాయనమ్మ పెట్టిన మజ్జిగన్నం నల్లోడి భోజనంలో ఒక భాగమే. వాడు పొద్దున్నే చేపల బజారులో తలకాయలు తినేవాడు, మాంసం కొట్టు దగ్గర పచ్చి ఎముకలు కొరికేవాడు, రాత్రిళ్లు ఎలుకల్ని పట్టేవాడు. నల్లోడికి పది ఇళ్లు, మల్లికి ఒకటే ఇల్లు. గొలుసు వేసి ఇంట్లో కట్టుకున్నామంటే మిగిలిన తొమ్మిది ఇళ్ల బాధ్యత కూడా మనమే తీసుకున్నట్టు. ఈ సంగతి నాకు తోచలేదు.

2023 ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. మల్లి బరువు 24 కిలోలు. కుక్కకు ఎంత శక్తి కావాలో చూసే లెక్క మామూలు కాలిక్యులేటరు మీదే వస్తుంది. 24ను 24తో, మళ్లీ 24తో గుణించి, వర్గమూలం మీట రెండుసార్లు నొక్కితే 10.84. దాన్ని 70తో గుణిస్తే 759. ఇది ఊరికే పడుకున్న కుక్కకు కావలసిన కెలోరీలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, మోస్తరుగా తిరిగే కుక్కకు మామూలుగా దీనికి 1.6 రెట్లు దాకా వేస్తారు. లాబ్రడార్లు ఒళ్లు చేసే జాతి కనుక ఆమె మా మల్లికి 1.4 వేసింది. సుమారు 1,060.

ఆ ప్రకారం రోజుకు 350 గ్రాముల చర్మం తీసిన కోడిమాంసం, 100 గ్రాముల బియ్యం, 100 గ్రాముల గుమ్మడి లేదా క్యారెట్టు, ఒక గుడ్డు, 20 గ్రాములు మించకుండా లివరు, రెండు టీస్పూన్ల నూనె. వారానికి రెండు రోజులు కోడిలో కొంత తగ్గించి గోపాలపురం నుంచి వచ్చే కవళ్లు అనే చిన్న చేపలు. లివరులో విటమిన్ ఎ మోతాదు ఎక్కువ కనుక మంచిదని గుప్పెళ్లతో వేయకూడదు. కాల్షియానికి గుడ్డు పెంకుల పొడి 3.5 గ్రాములు. పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా కొట్టాలి. టీస్పూనుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం వస్తుంది. ఇవన్నీ వేసినా జింకు, అయోడిన్, రాగి, విటమిన్ డి, ఇ వంటివి చాలవు. వాటికి ఆమె రాసిచ్చిన విటమిన్ల పొడి వేరే. దాన్ని వేడి మీద కాకుండా చల్లారాక కలపాలి. ఉప్పుకారాలు, పోపు ఉండవు.

ఈ పట్టిక చూసి ఎవరూ తమ కుక్కకు వండవద్దని నా మనవి. ఇది 24 కిలోల మల్లికి రాసినది. మీ కుక్క వయసు, బరువు, జబ్బులు వేరు. పెరిగే పిల్లకైతే ఇది అసలు పనికిరాదు. మీ పశువైద్యుణ్ణి అడిగి, రాయించుకుని వండండి. అడగకుండానే అందరూ గుర్తుంచుకోదగినవి కొన్ని ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా కుక్క ఎర్ర రక్తకణాలను చంపుతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కనుక చక్కెరపొంగలి ప్రసాదం దానికి పెట్టకండి. చాక్లెట్టు విషం. చక్కెర లేని తీపి బిళ్లల్లో ఉండే జైలిటాల్ మరీ విషం. ఉడికిన ఎముక పేళ్లుగా చీలి పేగులకు గుచ్చుకుంటుంది.

ఇలా రోజూ ఐదింటికి లేచి వసారాలో త్రాసు ముందు కూర్చునేవాణ్ణి. అమ్మ తులసికోట దగ్గరనుంచి చూసి “మీ నాన్న తద్దినానికి కూడా ఇంత శ్రద్ధగా నిలబడలేదురా” అనేది. మల్లి ఎక్సరేలు, రక్తపరీక్షలు ఆరు నెలలకొకసారి సరిగ్గా వచ్చేవి. నాకు మళ్లీ కొంచెం గర్వం మొదలైంది.

ఆ ఏడాది ఆగస్టులో, శ్రావణ శుక్రవారం నాడు, పెరడు కడుగుతూ మా ఆవిడ జారి పడింది. పెద్ద దెబ్బేమీ కాదు, చెయ్యి ఆనించింది, అంతే. మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు కట్టు వేసి, ఈ పాటి పడడానికి విరగకూడదని, ఎముకల సాంద్రత పరీక్ష రాశారు. అంకెలు బాగా తక్కువగా వచ్చాయి. మందులు రాస్తూ “రోజూ ఏం తింటారమ్మా?” అని అడిగారు.

“అందరిలాగేనండీ” అంది ఆవిడ.

ఆయన నా వైపు చూశారు. నేను చెప్పబోయి ఆగిపోయాను. మల్లి కాల్షియం ఎంతో, భాస్వరం ఎంతో నిద్రలో లేపినా చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్లుగా నాకు వడ్డిస్తున్న మనిషి కంచంలో ఏముంటుందో నాకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు. ఆవిడ తినే వేళకు నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి.

ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది. “దాని తిండేముందిరా? అందరికీ పెట్టాక మిగిలిన అన్నం, ఇంత పచ్చడి. పెరుగు గిన్నె కడిగి ఆ నీళ్లే మజ్జిగ అంటుంది. గట్టి పెరుగు నీకూ, నాకూ...” అని ఆగి, “దానికీ” అని మల్లి వైపు చూపించింది. నిజమే. మల్లి పాత రుచి మరిచిపోకూడదని రోజూ రెండు చెంచాల పెరుగు నేనే వేయిస్తున్నాను. అది ఎవరి వాటాలోంచి వస్తోందో ఆలోచించలేదు. రేకుల వసారాలో డాక్టరమ్మ చెప్పిన ఖాళీ ఖజానా ఇన్నేళ్లూ ఇంటి లోపల కూడా ఉంది. మా ఆవిడ కౌంటరు ఎప్పుడూ నిండుగానే కనిపించేది. అడిగితే “నాకేమైంది, బాగానే ఉన్నాను” అనేది.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన పట్టిక ప్రకారం, నెలసరి ఆగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఆ రాత్రి కూర్చుని ఆవిడ తిండి లెక్క వేశాను. మూడో వంతు కూడా రాలేదు. మర్నాడు మొదటిసారి వసారాలో కాకుండా వంటింట్లోకి వెళ్లాను. కట్టు కట్టిన చేత్తో ఆవిడ గుమ్మంలో నిలబడి చెబుతుంటే చోళ్ల పిండితో జావ కాచాను. చోళ్లంటే రాగులే. ఒడియావాళ్లు మండియా అంటారు. ఆ సంస్థవారి 2017 పట్టికల్లో 100 గ్రాముల చోళ్లకు 364 మిల్లీగ్రాముల కాల్షియం చూపించారు. మా నాయనమ్మ రోజుల్లో పేదల తిండని మా ఇంట్లో మానేసినది అదే. మొదటి రోజు ఉండలు కట్టింది. ఆవిడ తాగి, “నన్ను కూడా ఎత్తుకుని తూకం మీద నిలబడతారా ఏమిటి?” అంది. నవ్వింది గాని, కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఇప్పుడు రాత్రి భోజనానికి ముగ్గురం ఒకేసారి కూర్చుంటున్నాం. గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వారే వడ్డించుకుంటున్నాం. మొదట అమ్మ అభ్యంతరపెట్టింది, తర్వాత అలవాటుపడింది. మల్లి గుమ్మం అవతల తన గిన్నె ముందు కూర్చుంటుంది. ఆవిడ మందులు వాడుతోంది. కిందటి పరీక్షలో అంకెలు కొద్దిగా మెరుగయ్యాయి.

కుక్కకు ప్రేమతో ఇంటి వంట పెట్టండి, తప్పు లేదు. ప్యాకెట్టు పెట్టినా తప్పు లేదు. కానీ ప్రేమ ఉంది కదా అని లెక్క మానకండి. తోక ఊపుతోందని ఆరోగ్యంగా ఉందనుకోకండి. ఆ లెక్క చేతికి వచ్చాక, ఇంట్లో ఆఖరున తినేవాళ్లు ఎవరో వాళ్ల కంచం కూడా ఒకసారి చూడండి.

ఇన్‌స్పెక్షను ఆఫీసరుగారు నవ్వుతూ నా కాగితం బల్ల మీద పెట్టేశారు. వెనక్కి తిప్పి చూడలేదు. రెండో వైపు మా ఆవిడ లెక్క ఉంది.